వాకిట్లో కసువు

నా కళ్ళలో ఒత్తిడి ఇప్పుడు నిలకడగా ఉంది. మొన్న చూపించుకున్నప్పుడు కూడా డాక్టరమ్మ అదే చెప్పింది. పోయింది ఎలాగూ పోయింది, ఉన్నది పోకుండా చూసుకుందాం అంది. ఎడమ కన్ను పూర్తిగా చీకటి. కుడి కంట్లో వెలుతురూ నీడా తెలుస్తాయి. ఎవరైనా ఎదురుగా వచ్చి నిలబడితే ఏదో ఉందని తెలుస్తుంది గానీ మనిషో గుంజో తెలియదు. ఇదంతా నేను మాట్లాడుతుంటే ఫోను అక్షరాలుగా మార్చుకుంటోంది. మా మడకశిర మాటలు దానికి సగం అర్థం కావు కాబట్టి మా ఆయన పక్కన కూర్చుని దిద్దుతున్నాడు. ఆయన గురించి చెప్పిన చోట్ల మాత్రం దిద్దకూడదని ముందే ఒప్పందం చేసుకున్నాం.

చూపు మందగిస్తే అది పొరే, శుక్లమే అని ఎవరికి వాళ్ళు తేల్చుకుని కూర్చోవద్దని చెప్పడానికి ఇది చెబుతున్నాను. ఇంకో సంగతి కూడా ఉంది. జబ్బు నా కళ్ళను తింటే, అసూయ మిగతా మనిషిని తింది. ఆసుపత్రిలో ఆ సంగతి ఎవరూ చెప్పరు. దానికి చుక్కల మందు కూడా లేదు.

ముందుగా మా వాకిలి గురించి చెప్పాలి. నా ఇంటి ముందర గడ్డి పెంచాను. పశువులకు వేయడానికి కాదు, ఊరికే చెప్పుల్లేకుండా నడవడానికి. మా సీమలో ఇది పిచ్చిపని. శెనక్కాయ చేలల్లో గరిక పీకి పీకి నడుములు పోగొట్టుకున్న జనం మేము. వాకిట్లో గడ్డి మొలిచిందంటే ఆ ఇంట్లో మనుషులు లేరని అర్థం. నేను హైస్కూల్లో తెలుగు చెప్పేదాన్ని. బడి పక్కనే ఉన్న ప్రభుత్వ బంగళాలో పచ్చిక తవ్వేసి సిమెంటు బిళ్ళలు పరుస్తుంటే, అడిగి కొన్ని తట్టల గడ్డి తెచ్చి నాటుకున్నాను. స్నానాల నీళ్ళు, బట్టలు జాడించిన నీళ్ళు అన్నీ దానికే మళ్ళించాను. "ఏం టీచరమ్మా, పొట్టేళ్ళు తెస్తాండావా" అని దారిన పోయేవాళ్ళు అడిగేవారు. సాయంత్రం బడి నుంచి వచ్చి ఆ గడ్డిలో చతికిలబడి కొడవలితో చదును చేసుకుంటూ కూర్చుంటే ఇంట్లో ఎవరూ నన్ను పిలిచేవారు కాదు. నాదంటూ ఉన్నది అది ఒక్కటే.

కిందటేడు, ఎండలు ముదిరే ముందు

రిటైరయ్యాక మొదటి వేసవి. దీపం చుట్టూ రంగుల వలయాలు కనిపించేవి. గుమ్మం దాటుతుంటే భుజం ద్వారబంధానికి కొట్టుకునేది. గడ్డి కోసి లేచి చూసుకుంటే అంచులన్నీ అలాగే ఉండేవి, మధ్యలో మాత్రం నున్నగా ఉండేది. వయసు అనుకున్నాను.

మా తోడికోడలు సుగుణకు కూడా అప్పుడే చూపు మసకేసింది. మా మరిది లారీ తోలతాడు, నెలలో సగం రోజులు ఊళ్ళో ఉండడు. ఒకే ఆవరణలో రెండు భాగాలు, వాకిలి ఒకటే. ఇద్దరమూ అరుగు మీద కూర్చుని ఒకరి కళ్ళు ఒకరం చూసుకునేవాళ్ళం.

"పొరే లే అక్కా," అనేది సుగుణ. "మాయమ్మకూ ఇట్లే వచ్చింది. ముదరనీ. పచ్చిగా ఉన్నప్పుడు తీస్తే మళ్ళా వస్తాదంట."

"పండినాక పోదాం, తొందరేముండాది," అన్నాడు మా ఆయన. ఆయన పట్టుగూళ్ళ మార్కెట్లో పని చేసి వచ్చినవాడు, ప్రతిదానికీ పండే వేళ ఒకటి ఉంటుందని ఆయన నమ్మకం.

మా వైపు అందరూ అనే మాటే అది. పొర ముదరాలి. మామిడికాయలాగా కంటిని మాగబెట్టుకుని కూర్చున్నాం. సుగుణది నిజంగానే పొర, అది ఆగింది. నాది ఆగే రకం కాదు. నొప్పి లేదు, ఎరుపు లేదు, నీరు కారలేదు. లోపల నరం ఎండిపోతుంటే బయట నేను పొర ముదిరే దాకా ఎదురు చూశాను.

ఆషాఢం

ఊళ్ళో కంటి శిబిరం పెడితే ఇద్దరమూ వెళ్ళాం. బెంచీ మీద పక్కపక్కనే కూర్చున్నాం. సుగుణను ముందు పిలిచారు. చిన్నప్పటి నుంచి బళ్ళో మార్కులు రానిదానిలా భయపడుతూ వెళ్ళింది, నవ్వుతూ వచ్చింది. పొరే, తేదీ ఇచ్చారు, తీసేస్తారు.

నన్ను చూసిన డాక్టరమ్మ చిన్న పిల్ల. దీపం వేసి చూసి, మళ్ళీ చూసి, ఇంకొకరిని పిలిచి చూపించింది.

"మీది పొర కాదమ్మా, నీటికాసులు," అంది. "ఇన్నాళ్ళూ ఎందుకు రాలేదు? పోయిన చూపు వెనక్కి రాదమ్మా. మిగిలింది కాపాడుకోవాలి, బెంగళూరు పెద్దాసుపత్రికి పోండి."

బయటికి వచ్చి మా ఆయనకు ఆ పేరు చెప్పాను. "కాసులా, మంచిదే కదప్పా," అన్నాడు, సుగుణ పకాలున నవ్వింది. వాళ్ళ తప్పేమీ లేదు, నేనింకా మిగతాది చెప్పలేదు. చెప్పాక ఆటోలో ఇంటికి వచ్చేదాకా సుగుణ నా చేయి పట్టుకునే ఉంది. ఆ చేయి విదిలించి కొట్టాలనిపించింది. ఒకే బెంచీ మీద కూర్చున్నాం, ఒకే మాట నమ్మాం, దానికి తేదీ ఇచ్చారు, నాకు ఊరి పేరు ఇచ్చారు.

శ్రావణం

సుగుణ కంటికి కట్టు విప్పిన మర్నాడు పొద్దున వాకిట్లో నిలబడి అరిచింది.

"అక్కా, నీ గడ్డి ఇంత పచ్చగా ఉండాదా? నేను బూడిద రంగు అనుకుంటాండా ఇన్నాళ్ళూ."

నేను అరుగు మీద కూర్చుని ఉన్నాను. నాకు ఆ పచ్చదనం అప్పటికే పోయింది. నేను నాటిన పచ్చ అది, నేను నీళ్ళు పోసిన పచ్చ. అది దాని కళ్ళకు పోయింది. మొగుడు కొట్టినందుకు కాదు, తోడికోడలు నవ్వినందుకు ఏడ్చిందని సామెత చెబుతారే, నాకు కళ్ళు పోయినందుకు వచ్చిన ఏడుపు వేరు, దానికి వచ్చినందుకు వచ్చిన ఏడుపు వేరు. రెండోదే పెద్దది.

ఆ నెలంతా దానికి ప్రపంచం కొత్త. గోడ సున్నం చూసి మురిసిపోయేది, బియ్యంలో రాళ్ళు చూసి మురిసిపోయేది. "బావా, నీ గడ్డం ఇంత నెరిసిందేంది, నాకు చెప్పనే లేదే," అంటే మా ఆయన నవ్వాడు. శిబిరం నాటి నుంచి ఆయన నవ్వు నేను వినలేదు. నా దగ్గరికి వచ్చేసరికి ఆయన గొంతు చావు ఇంటికి వచ్చినవాడి గొంతులా దిగిపోయేది. నన్ను చెయ్యి పట్టి నడిపించేవాడు, కంచంలో కలిపి పెట్టేవాడు, కానీ పేపరులో విశేషం ఏదైనా చదివితే గోడ అవతలికి వెళ్ళి సుగుణతో చెప్పేవాడు. నాకు చెబితే నేను బాధపడతానట.

వానలకు గడ్డి మోకాలెత్తు పెరిగింది. కొడవలి అడిగాను. "చెయ్యి తెగుతాది, ఊరికే ఉండు," అన్నాడు. మళ్ళీ అడిగితే కొడవలి ఎక్కడ పెట్టాడో గుర్తు లేదన్నాడు. దాచాడని నాకు తెలుసు. నాకు కావలసింది అది ఒక్కటే అని, అది తప్ప అన్నీ చేసి పెడుతున్నారని ఆ ఇంట్లో ఎవరికీ తోచలేదు.

దసరా ముందు

బెంగళూరు ఆసుపత్రిలో కూర్చునే గది పెద్దది. చుక్కలు వేసి కూర్చోబెడతారు, పిలిచేదాకా కళ్ళు మూసుకుని ఉండాలి. అందరమూ కళ్ళు మూసుకునే ఉంటాం కాబట్టి అక్కడ నాకు కొంచెం హాయిగా ఉండేది. కళ్ళు తెరిచాక చూపు ఉండేవాళ్ళెవరో, లేనివాళ్ళెవరో అడుగుల చప్పుడు బట్టి తెలిసిపోయేది. ధీమాగా నడిచి వెళ్ళే ప్రతి చెప్పు చప్పుడుకూ నా కడుపులో ఒక మంట.

పక్కన ఒక కన్నడం ఆమె కూర్చుంది. నేను బత్తాయి తొక్క తీయలేక అవస్థ పడుతుంటే తీసుకుని, ఒలిచి, ఒక్కో తొన చేతిలో పెట్టింది. వాళ్ళాయనను తీసుకొచ్చింది. నాకు వెలుతురు తెలుస్తుందా అని అడిగింది, తెలుస్తుందన్నాను. "నిమ్మ పుణ్య," అంది, మీ అదృష్టం అని. వాళ్ళాయనకు అది కూడా లేదట. ఆ గొంతు నేను వెంటనే గుర్తుపట్టాను. సుగుణ కంటి కట్టు విప్పిన నాటి నుంచి నా గొంతు అదే. నన్ను చూసి కుళ్ళుకునేవాళ్ళు కూడా ఉన్నారని తెలిసి సిగ్గు లేకుండా సంతోషపడ్డాను. ఆ తర్వాత మిగిలిన తొనల్లో సగం ఆమెకు ఇచ్చాను.

కంట్లో ఒత్తిడి తగ్గించడానికి ఆపరేషన్ చేయాలన్నారు. ఆ గదికి తీసుకెళ్ళే ముందు ఇంటికి ఫోను చేశాను. భయంతో ఏం మాట్లాడాలో తెలియక నాకు తోచిన ఒక్క మాట చెప్పాను.

"సుగుణా, వాకిట్లో కసువు చూసుకోమ్మా."

"నేను చూసుకుంటాలే అక్కా. నువ్వు దాని గురించి దిగులు పడాకు."

దీపావళి

ఆపరేషన్ అయ్యాక కొన్నాళ్ళు బెంగళూరులోనే మా ఆయన చిన్నాన్న వాళ్ళింట్లో ఉండి తిరిగి వచ్చాం. ఆటో దిగగానే గేటు దగ్గర చెప్పులు విడిచాను. ఇన్ని వారాలూ నేను ఓర్చుకున్నది ఆ ఒక్క అడుగు కోసం.

కాలు గట్టి నేల మీద పడింది. తడిగా, నున్నగా ఉంది. పేడ వాసన. ఇంకో అడుగు వేస్తే ముగ్గుపిండి వేళ్ళకు అంటింది.

"కసువేదీ?" అన్నాను.

"అంతా తీసేసినానక్కా," అంది సుగుణ, గొంతు నిండా గర్వంతో. "వేర్లతో సహా. కల్లాపి చల్లి ముగ్గు కూడా పెట్టినా. నువ్వు యాడ కాలు పెట్టినా భయం లేదు ఇంక."

గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఏమిటో ముప్పై ఏళ్ళు పిల్లలకు అర్థం చెప్పాను. ఆ రోజు నాకే తెలిసింది.

"నీకు కండ్లొచ్చింది నా గడ్డి పీకేదానికా," అన్నాను. "నాకు మిగిలిందేమో అదొక్కటి. అది కూడా నీకు కంటగింపైందా?"

వీధిలో ఎవరివో అడుగులు ఆగాయి.

"నువ్వే కదక్కా చెప్పింది," అంది సుగుణ. గొంతు చిన్నబోయింది. "ఫోన్లో చెప్పినావు కదా, కసువు చూసుకోమని."

అప్పుడు నాకు ఆ మాట వినిపించింది. మా పుట్టింట్లో కసువంటే గడ్డి. ఎద్దులకు కసువేసినావా అని నాయన అడిగేవాడు. సుగుణ పుట్టిల్లు సరిహద్దు అవతల, కర్ణాటకలో. వాళ్ళకు కస అంటే ఊడ్చి పారేసేది, చూసుకోమంటే తీసేయమనే. మా ఊళ్ళో రెండూ చెల్లుతాయి, పొద్దున కసువు ఊడుస్తాం, సాయంత్రం కసువు కోస్తాం, ఇన్నేళ్ళలో ఎవరికీ ఇబ్బంది రాలేదు. తెలుగు టీచరును, ఆ ఒక్క పూట గడ్డి అని ఉంటే సరిపోయేది.

"గడ్డి నాకెంత ఇష్టమో నీకు తెలియదా?" అన్నాను.

"తెలుసు. అందుకే నాకూ పాణం ఉసూరుమనింది పీకేటప్పుడు. కానీ నువ్వింక కోయలేవు కదా. పామో పురుగో చేరితే నీకు కనపడదు. అందుకే నువ్వే మనసు చంపుకొని తీసేయమంటాండావనుకున్నా."

మాట అర్థం కాకపోవడం కన్నా ఇది నన్ను ఎక్కువ కోసింది. చూపు లేనిదానికి వాకిట్లో గడ్డి ఎందుకని సుగుణ అనుకుంది. నేను కూడా అలాగే అనుకుంటానని అనుకుంది. కొడవలి దాచిన మా ఆయనా అదే అనుకున్నాడు.

కార్తీకం

దానితో మాట్లాడడం మానేశాను. అది మాత్రం చుక్కల వేళకు తప్పకుండా వచ్చేది. మా ఆయన వేస్తే చెంప మీద పడేవి, సుగుణ వేస్తే గురి తప్పేది కాదు. ఒక చేత్తో గడ్డం పట్టుకుని, ఇంకో చేత్తో వేసి, వెళ్ళిపోయేది. దాని వేళ్ళ మీద గడ్డి పీకిన బొబ్బలు ఎండి గట్టిపడి నా గడ్డానికి గరుకుగా తగిలేవి. అయినా నా కోపం తగ్గలేదు. అది వెళ్ళాక ధీమాగా వినిపించే అడుగులే నాకు గుర్తుండేవి.

నాది గరిక జాతి గడ్డి, అంత సులభంగా చావదు. అది మా రైతులను అడిగితే ఏడ్చి చెబుతారు. ఒక వాన పడ్డాక, బట్టలుతికే బండ పక్కన కూర్చుని నేల తడుముతుంటే, పేడ పెచ్చు పగిలిన చోట ముల్లులాంటిది వేలికి తగిలింది. పక్కన ఇంకొకటి. ఇంకొకటి. మొలకలు. కళ్ళున్నవాళ్ళు ఇద్దరూ రోజూ దాటుకుంటూ తిరుగుతున్నారు, వాళ్ళకింకా కనిపించలేదు. చాలా రోజులు ఎవరికీ చెప్పలేదు. వాళ్ళకు తెలియనిది నాకు తెలియడం అప్పటికి అదే మొదలు, దాన్ని దాచుకుని తిన్నాను.

చివరికి సుగుణే చూసింది. చీపురు పట్టుకుని ఆగిపోయింది.

"అక్కా, మళ్ళా వస్తాండాది. ఏం చేయమంటావు?"

"గడ్డి," అన్నాను. "దాని పేరు గడ్డి. దాని జోలికి పోవద్దు."

మాఘం

గడ్డి పెరిగింది. కోసే పనిముట్టు కావాలన్నాను. మా ఆయన ఈసారి కాదనలేదు. ముగ్గురమూ హిందూపురం వెళ్ళాం.

నాలాంటి వాళ్ళు ఈ భాగం కాస్త శ్రద్ధగా వినండి. అంగట్లో ఎవరూ మనకు చూపించరు, మన పక్కనున్న వాళ్ళకు చూపిస్తారు. "ఆయమ్మకు ఎందుకన్నా మిషను," అని అంగడాయన మా ఆయనను అడిగాడు. సుగుణ ముందుకు పోయి "ఈ ఎర్రది బాగుండాదక్కా" అంది. రంగు నాకెందుకు. నా చేతికి ఇవ్వమన్నాను.

కరెంటు మీద తిరిగేది మొదట ఇచ్చాడు. వేసి చూపించమన్నాను. దాని మోతలో పక్కనున్న మా ఆయన గొంతు కూడా వినపడలేదు. ఎవరైనా ఎదురొచ్చినా తెలియదు, తీగ ఎక్కడుందో తెలియదు, ఆపినా బ్లేడు కాసేపు తిరుగుతూనే ఉంటుంది. వద్దన్నాను. పెద్ద కత్తెర వద్దన్నాను, రెండు చేతులూ దానికే పోతాయి, తడమడానికి చేయి మిగలదు. తోసే మిషను ఒకటి ఉంది, కరెంటు లేదు, చక్రాలు తిరిగితేనే కత్తులు తిరుగుతాయి, మనం ఆగితే అదీ ఆగుతుంది. రెండు మిషన్లు తోసి విన్నాను. ఒకటి ఒక పక్క రాసుకుంటోంది. రాసుకోనిది తీసుకున్నాను. పిడి నా నడుముకు సరిపోతుందో లేదో నిలబడి చూసుకున్నాను. అంచులకు పళ్ళ కొడవలి పొట్టిది, ఎడమ చేయి గడ్డిని పట్టుకుంటే కుడి చేయి దాని వెనకే పోతుంది. అది ఎర్రదో నల్లదో నాకిప్పటికీ తెలియదు.

ఇంటికి వచ్చి పిడులకు గుర్తులు చేసుకున్నాను. పారకు సైకిల్ ట్యూబు చుట్టాను, కొడవలికి గోనెతాడు. ప్రతిదానికీ గోడకు ఒక మేకు, కొడవలి మొన గోడ వైపు. గేటు నుంచి అరుగు దాకా మేకుల మీద తాడు బిగించి, దాని పక్కనే తోసుకుంటూ పోతాను, తిరిగేటప్పుడు తాడు ఒక జానెడు జరుపుతాను. గడ్డి తెగుతుంటే గరగరమంటుంది, కోసేసిన చోట ఊరికే తిరుగుతుంది. మొదట ఎవరినైనా వెంట పెట్టుకోండి. మన వస్తువు జరిపిన వాళ్ళను మాత్రం క్షమించకండి. సుగుణ ఒకసారి పారను కొడవలి మేకుకు తగిలించింది, ఆ రోజు ఇల్లంతా నా నోరే.

ఉగాది తర్వాత

మొదటిసారి మొత్తం వాకిలి నేనే కోశాను. చెమట పట్టి, గడ్డి వాసనతో, అరుగు మీద కూలబడ్డాను. కాసేపయ్యాక పాదాలతో తడుముతూ వాకిలంతా తిరిగాను. కోసిన గడ్డి గుచ్చుకుంటుంది, కోయనిది మెత్తగా వాలుతుంది. అక్కడక్కడా మెత్తగా తగిలింది. రేపు చూసుకుందామని లోపలికి వెళ్ళి పడుకున్నాను.

మర్నాడు పొద్దున తిరిగితే మెత్తన ఎక్కడా లేదు. వాకిలంతా సమానంగా గుచ్చుకుంది. తర్వాతి వారమూ అంతే. నేను అంత బాగా కోయనని నాకు తెలుసు. నేను పడుకున్నప్పుడు కత్తెరతో ఎవరో సరిచేస్తున్నారు. ఎవరో ఏమిటి, మా ఇంట్లో అంత గురి ఒక్కదానికే ఉంది.

"సుగుణా, నా వెనకాల కోస్తాండావా?" అని అడిగాను.

ఒప్పుకుంది. "కండ్లకు కనపడ్తాంటే ఊరికే ఉండలేనక్కా. నీకు చెప్తే బాధపడతావని."

"నా గడ్డి, నా వంకర. రెండూ నాకే కావాల," అన్నాను. "నీకు కనపడితే నోటితో చెప్పు. చేత్తో ముట్టుకోవద్దు. బాధపడితే పడతా. అది కూడా మీరే పడి పెడతారా?"

వాళ్ళ తలుపు మూసుకున్న చప్పుడు వినిపించింది. ఇంక రాదేమో అనుకున్నాను. చుక్కల వేళకు వచ్చింది, వేసింది, వెళ్ళింది.

ఆ తర్వాతి ఆదివారం నేను కోస్తుంటే అది అరుగు మీద కూర్చుని చిక్కుళ్ళు తుంచుతోంది. తుంచడం ఆగింది. నేను తోస్తూనే ఉన్నాను.

"అక్కా," అంది, "గోడ వారన ఒక చాలు నిలువునా వదిలినావు. తొట్టి కాడ అయితే బోడిగుండు చేసినావు. చెప్పమన్నావు కాబట్టి చెప్తాండా. బాలేదు."

శిబిరం నాటి నుంచి నా ముఖం మీద ఎవరూ బాలేదని అనలేదు. మిషను అక్కడే ఆపి నిలబడ్డాను. ఏడుపు వస్తుందనుకున్నాను గానీ రాలేదు.

"ఎంత దూరం?" అన్నాను.

"నీ కుడి చేతి పక్క రెండు జానలు. ఇంకొంచెం. ఇంకొంచెం. ఆ, ఆడనే. తొయ్యి."

తోశాను. గరగరమంది. దాని కళ్ళంటే నాకు ఇప్పటికీ కడుపుమంటే. కాకపోతే ఇప్పుడు వాటి చేత పని చేయించుకుంటున్నాను.